కింద రోలర్ ఆగడం లేదు

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నాడు బంట్రోతు, కూర్చున్నాను. పొద్దున్నే డ్యూటీ ఎక్కి మధ్యాహ్నం దాకా నిలబడ్డ కాళ్ళు ఇవి, బెంచీ దొరికితే చాలు వీటికి, విచారణ అయితేనేం, ఇంకోటైతేనేం. ఎదురుగా మేనేజరు గది తలుపు, తలుపుకి మసక గాజు, గాజు వెనక తెల్ల చొక్కాలు కదులుతున్నాయి. మనుషులు కనిపించడం లేదు, చొక్కాలే కనిపిస్తున్నాయి, ఇన్నేళ్ళు బట్టలతో బతికాక నాకు మనిషి కంటే ముందు మనిషి మీది గుడ్డ కనిపిస్తుంది కాబోలు, అదిగో ఆ కిటికీ పక్క చొక్కాకి గంజి ఎక్కువైంది, మెడ ఒరుసుకుపోతూ ఉంటుంది పాపం. కింద నుంచి రోలర్ చప్పుడు గోడల గుండా బెంచీలోకి, బెంచీలోంచి నా వెన్నులోకి పాకుతోంది. జోలపాటలా ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. లాండ్రీలో నన్ను రేడియో అంటారు, నోరు మూయనని. ఇవాళ పొద్దుటినుంచీ రేడియోకి కరెంటు పోయిందని నాకు వినబడేలాగానే చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కరెంటు పోలేదు, అంతా లోపలే మోగుతోంది. ఈ తలుపు తెరుచుకుని నన్ను లోపలికి పిలిచాక నా నోట్లోంచి మా బావగారి పేరు వస్తుందా, రాదా. నాకే తెలియదు.

ఆసుపత్రి దుప్పట్లన్నీ మా దగ్గరికే వస్తాయి. ఉతికే మిషన్లు ఒక వరస, పిండేవి ఒక వరస, చివర మూలన ఆవిరి రోలర్. దానికి అటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి. తడి దుప్పటి అంచు సరిచేసి లోపలికి అందించేది తూనీగ, వేడిగా బయటికి వచ్చినదాన్ని అందుకుని మడతపెట్టేది నేను. తూనీగ అని పేరు పెట్టిందీ నేనే, ఒక చోట కాలు నిలవదని. మధ్యలో ఆవిరి, ఆమె ముఖం సగం రోజులు నాకు కనపడనే కనపడదు, అయినా దుప్పటి వచ్చే తీరు చూస్తే తెలిసిపోతుంది, ఇవాళ అత్తతో మాట పట్టింపు వచ్చిందనీ, ఇవాళ పిల్లకు జ్వరం తగ్గిందనీ. రోలర్ నోటి దగ్గర అడ్డంగా ఒక ఇనప పట్టీ ఉంటుంది. వేలు తగిలితే చాలు, మిషను ఠక్కున ఆగిపోతుంది. వేలే అక్కర్లేదు, అంచు కాస్త మందంగా ఉన్నా ఆగుతుంది, ముడత పడినా ఆగుతుంది, ఒక్కోసారి ఊరికే కూడా ఆగుతుంది. అందుకే మేము దానికి అత్తగారని పేరు పెట్టాం. అత్తగారు ఆపినప్పుడల్లా తూనీగ తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకునేది, నేను ఏదో ఒక కబురు ఎత్తుకునేదాన్ని, మళ్ళీ మీట నొక్కేసరికి ఆ కబురు ఎక్కడో తెగిపోయేది, పొద్దున తెగిన కబురు సాయంత్రానికి పూర్తయ్యేది. ఆ అత్తగారిని పైకెత్తి, చింపిన దుప్పటి పేలికతో కట్టేశారు. కట్టింది మా బావగారు. నేను చూశాను.

బావగారంటే మా అక్క మొగుడు అని చెప్తే సరిపోదు. అమ్మా నాన్నా ఒకే జ్వరంలో పోయినప్పుడు నాకింకా పాలపళ్ళు ఊడుతున్నాయి. అక్కకు అప్పుడే పెళ్ళైంది. కొత్త కాపురంలోకి సామానుతో పాటు మరదలిని కూడా మోసుకెళ్ళిన మనిషి ఆయన. సైకిలు కడ్డీకి తువ్వాలు చుట్టి దాని మీద నన్ను కూర్చోబెట్టేవారు, ఒత్తుకుంటుందని. అలా చర్చికి వెళ్తుంటే వెనక నుంచి కీర్తన ఎత్తుకునేవారు, గొంతు ఏమంత బాగుండదు, రాగం ఒక వీధిలో, ఆయన ఇంకో వీధిలో, కానీ నా నడినెత్తి మీద ఆ ఊపిరి వెచ్చగా తగులుతుంటే దేవుడంటే ఇదేనేమో అనుకునేదాన్ని. నా మొగుడు ఇంకో కాపురం పెట్టుకుని పోయినప్పుడు నేను చర్చి మానేశాను, అందరూ చూస్తారని. "చూడనీ. నీ పక్కన నేను కూర్చుంటాను" అని మొదటి వరసలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈ పని ఇప్పించిందీ ఆయనే. ఇక్కడ మేస్త్రి, అక్కడ సంఘపెద్ద, రెండు చోట్లా ఒకే మనిషని నేను ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పేదాన్ని. పై గది నుంచి రోజూ ఫోను వచ్చేది, వార్డుల్లో దుప్పట్లు చాలడం లేదు, మీ రోలర్ ఎందుకు ఊరికే ఆగుతోంది, మీకు చేతకాకపోతే చేతనైనవాణ్ణి పెట్టుకుంటాం అని. ఒకరోజు ఫోను పెట్టేసి వచ్చారు. ఎవరి ముఖమూ చూడలేదు. గుడ్డ చింపారు, పట్టీ పైకెత్తారు, ముడి వేశారు. ముడి బిగిస్తుంటే పెదాలు కదులుతున్నాయి. కీర్తన పాడుకుంటున్నారనుకున్నాను అప్పుడు. కాదేమో, క్షమించమని అడుగుతున్నారేమో, ఎవరిని అడిగారో ఆయనకే తెలియాలి.

గాజు వెనక ఒక చొక్కా లేచింది, నా గుండె కూడా లేచింది, చొక్కా మళ్ళీ కూర్చుంది. ఇంకా నేను కాదు. ఇంకా కాసేపు ఉంది. అప్పుడెప్పుడో ఒక తల్లి ఇలాగే లాండ్రీ గుమ్మంలో నిలబడింది, పిలిస్తే తప్ప లోపలికి రానట్టు. బిడ్డ వార్డులో పోయింది. ఒక కాలి మేజోడు చేతిలో ఉంది, ఊలుది, తనే అల్లింది, రెండోది దుప్పట్లలో మీకు వచ్చేసిందేమో చూస్తారా అంది. మాకు తల గోక్కునే తీరిక లేదు. తూనీగ మాత్రం తడి గుట్టనంతా ఒక్కొక్క దుప్పటే విదిలించి చూసింది, నమాజు వేళ దాటిపోతున్నా చూసింది. దొరకలేదు. ఆ తల్లి అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయింది, మేమేదో ఇచ్చినట్టు. "మనం అంతా శుభ్రంగా ఉతికేస్తాం కదా అక్కా" అంది తూనీగ ఆవిరిలోంచి, ఆ పూటకి అదొక్క మాటే అంది. అప్పటినుంచి ప్రతి దుప్పటినీ రోలర్‌లోకి వదిలేముందు అరచేత్తో తడిమేది. తలపిన్నులు దొరికేవి, పాలపీకలు దొరికేవి, ఒకసారి పెట్టుడు పళ్ళు దొరికితే ఆవిరిలోంచి వాటిని టకటకలాడిస్తూ చూపించింది, నేను కెవ్వుమన్నాను, తర్వాత ఇద్దరం వెళ్ళి వార్డులన్నీ తిరిగి ఆ తాతకు అప్పజెప్పి వచ్చాం. ఆ రోజు కూడా తడుముతూనే ఉంది. దుప్పటి అంచుకి ఏదో చిన్నది, తెల్లది అంటుకుని లోపలికి పోతోంది. మేజోడు అనుకుంది. అందుకుందామని చెయ్యి పెట్టింది. అత్తగారు కట్టేసి ఉంది.

ఆ అరుపు దగ్గరికి నేను పోను. దాని చుట్టూ తిరిగి ఇవతలికి వస్తాను. మీట నొక్కింది నేను, పరిగెత్తుకొచ్చింది బావగారు, తన చొక్కా చింపి చుట్టారు, ఆమెను పసిపిల్లలా ఎత్తుకుని మెట్లెక్కారు, ఏడ్చారు, నేను కళ్ళారా చూశాను. మేజోడు కాదు అది. కట్లు కట్టే గాజుగుడ్డ ఉండ. మర్నాడు ఈ మేనేజరు గదిలోనే కూర్చుని, ఆమె నమాజుకి ఆలస్యమవుతోందని తొందరలో చెయ్యి పెట్టింది, పట్టీ బాగానే ఉంది అని చెప్పారు. చెప్పింది కూడా ఆయనే. ఏడ్చిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని నేను ఆయన చేతులకేసి చూశాను, ఒకరే. తూనీగ ఆ మధ్యాహ్నం నమాజు చేసుకునే వచ్చింది. బీరువాల వెనక శుభ్రమైన దుప్పటి పరుచుకుని ఆమె చేసుకుంటుంటే నేను రోలర్‌కి రెండువైపులా పరిగెత్తి పని చూశాను, ఎప్పటిలాగే. ఆదివారం పూట నా వంతు ఆమె చూసేది. మా ఈ ఏర్పాటు పైవాడికి తెలుసు, పై గది వాళ్ళకే తెలియదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె నుదుటి మీద దుప్పటి మడత గీత పడి ఉంది, చూసి నేను నవ్వాను కూడా. ఏ తొందరా లేదు ఆ పిల్లకి. చేతిలో బోలెడంత మధ్యాహ్నం ఉంది.

రోజు విడిచి రోజు వాళ్ళింటికి వెళ్తున్నాను. ఒక గది, ఒక వంటిల్లు, కిటికీకి ఆరేసిన పిల్ల గౌన్లు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. తలంటుతాను, ఆరబెట్టి జడ వేస్తాను. నమాజు ముందు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు నేనే పోస్తాను. మొదట్లో కాళ్ళ మీద ముందు పోసేస్తే నవ్వేది, "వరస తప్పావక్కా, మొదటికి రా" అని. ఇప్పుడు నాకూ వచ్చేసింది, చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, చివరికి కాళ్ళు. కట్టు మీద మాత్రం నీళ్ళు పోయనక్కర్లేదు, తడి అరచేత్తో పైపైన నిమురుకుంటే చాలట, అంతమేరకు వాళ్ళ దేవుడు కనికరించాడు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి లాగేసుకునేది, పెద్దదానివి, నా కాళ్ళు ముట్టుకోకు అని. "మా ప్రభువే నడుముకి తువ్వాలు కట్టుకుని వంగి కాళ్ళు కడిగాడు, నా నడుమేమన్నా బంగారమా" అన్నాను. కట్టు చూపించి, "మేజోడనుకుని గాజుగుడ్డ కోసం చెయ్యి పెట్టాను, ఇప్పుడు చూడు, కావలసినంత ఇచ్చారు" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం, నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగామో తెలియలేదు, వాళ్ళత్త వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజే అనుకుంటా, జడ వేస్తుంటే అంది. "అక్కా, మా అమ్మ బతికుంటే నాకు ఇంతకన్నా చెయ్యదు. కానీ నువ్వు వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని అదే ఆలోచిస్తాను. నమాజు వల్లే నా చెయ్యి కాలిందని రాసుకున్నారు. చెయ్యి పోతే పోనీ, ఎడం చేత్తో అలవాటు చేసుకుంటా. పని పోతే ఇంకో పని చూసుకుంటా. నమాజు మీద నింద వేస్తే నేనేం చెయ్యను?"

నా చేతిలో జడపాయలు ఆగిపోయాయి. "మా బావగారే" అన్నాను.

"తెలుసు. సొంతవాళ్ళ గురించైనా సరే ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటారు మా దాంట్లో. అది తేలిక పనైతే దేవుడు చెప్పేవాడే కాదు, మనమే చేసేసేవాళ్ళం. మీ దాంట్లో ఏమంటారు?"

మా దాంట్లోనూ అదే అంటారు. ఆ మాట పైకి అన్నానో, మనసులోనే అనుకున్నానో. "నీ దయ నాకు నిండా ఉందక్కా, ఇంకొకటి కావాలి" అంది, అద్దంలో కూడా నా వైపు చూడకుండా, నేను జడ బిగించి వేశాను, బిగువైందని కూడా అనలేదు ఆ పిల్ల. దారంతా ఆలోచించుకుంటూ నడిచాను. నీళ్ళు పోయడం నాకు చాతనవును. తలంటడం చాతనవును. అది చేసి ఇంటికెళ్తుంటే మనసు హాయిగా ఉండేది, మంచిదాన్నని. ఆ రోజు ఉండలేదు.

నిన్న అక్క వచ్చింది. వచ్చి మంచం అంచున కూర్చుంది, మంచినీళ్ళు తాగింది. "ఆయన నిద్రపోవట్లేదే. పడుకుని ఇంటి కప్పు వంక చూస్తుంటారు. అబద్ధం చెప్పమని నేను అడగను, అది పాపం. ఆ టైముకి అక్కడ లేనని చెప్పు. బాత్రూముకి వెళ్ళానని చెప్పు. అంతేగా" అంది. అంతే. ఎంత చిన్న మాట. బాత్రూముకి వెళ్ళని మనిషి లోకంలో ఉంటుందా, ఎవరు కాదంటారు. నిన్ను పెంచాను అని అక్క అనలేదు. అని ఉంటే బాగుండేది, తగువు పెట్టుకుని తేలికపడేదాన్ని. వెళ్ళబోతూ నా పని చొక్కాకి బొత్తాం వేలాడుతుంటే చూసి, సూదీ దారం అడిగి కుట్టి, దారం పంటితో తెంపి వెళ్ళింది. ఇప్పుడు ఒంటి మీద ఉన్నది ఆ చొక్కాయే. బొత్తాం రాయిలా గట్టిగా ఉంది.

ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. మంచి మాట ఒక్కటీ రాలేదు, ఈ గదిలో కూర్చున్న విచారణ అధికారికి కడుపునొప్పి రావాలని, విచారణ వాయిదా పడాలని కోరుకున్నాను, ఆయనేం చేశాడు పాపం, గంజి చొక్కా వేసుకోవడం తప్ప. కళ్ళు మూసుకున్నాక తెరవబుద్ధి కాలేదు. వరండాలోకి ఆవిరి వస్తోంది, గాజు తలుపులోంచి తెల్లటి దుప్పటి ఒకటి మెల్లగా బయటికి వస్తోంది, ఆ చివర తూనీగ పట్టుకుంది, ఈ చివర నేను, ఎంత మడిచినా అది తరగడం లేదు, మెట్ల మీదుగా వీధిలోకి పోతోంది, దాని మీద సైకిలు చక్రాలు చప్పుడు చేయకుండా దొర్లుతున్నాయి, నేను కడ్డీ మీద ఉన్నాను, నడినెత్తి మీద ఊపిరి తగులుతోంది, వీధి పక్కన ఆ తల్లి ఒక మేజోడు పట్టుకుని నిలబడింది, ఆపండి బావగారూ అంటే ఆయన ఆపడం లేదు, నాకు బ్రేకు లేదమ్మాయ్ అంటున్నారు, నవ్వుతూ అంటున్నారో ఏడుస్తూ అంటున్నారో వెనక్కి తిరిగి చూడలేను, చక్రాలు ఒకే చప్పుడు, ఒకే చప్పుడు, ఎక్కడా ఆగని చప్పుడు. మెలకువ వచ్చింది. చప్పుడు మాత్రం ఉంది. బెంచీలోంచి నా వెన్నులోకి అదే రోలర్. ఎప్పటినుంచి కూర్చున్నాను నేనిక్కడ, ఇంతసేపట్లో అది ఒక్కసారైనా ఆగిందా. ఆగలేదు. అత్తగారు పనిచేస్తున్న రోలర్ ఇంతసేపు ఆగకుండా ఉండదు, మందం అంచులు రాకుండా ఉండవు. అంటే ఆ పేలిక ఇంకా అక్కడే ఉంది. పొద్దున దాన్ని చూశాను కూడా, చూసి పక్కకు తిరిగి మడతలు పెట్టుకున్నాను. తూనీగ చోట ఇప్పుడు మొగుడు పోయి పనిలో చేరిన ఒకావిడ అందిస్తోంది, ఇంకా చెయ్యి తిరగలేదు, అంచు సరిచేయడానికి బాగా లోపలిదాకా వంగుతుంది. ఇంతసేపూ నేను జోలపాటనుకుని ఊగింది దీనికా. దిగ్గున లేచాను. అప్పుడే బంట్రోతు తలుపు తెరిచాడు.

లోపల బల్లకి అటు మేనేజరు, ఆయన పక్కన బయటి నుంచి వచ్చిన అధికారి. కూర్చోమన్నారు. నేను నిలబడ్డాను. ఆ సమయంలో మీరెక్కడున్నారు అన్నాడు అధికారి. బాత్రూము అన్న మాట నాలుక చివర సిద్ధంగా కూర్చుని ఉంది.

"రోలర్‌కి ఇటువైపు" అన్నాను.

"రక్షణ పట్టీ సరిగా ఉందా?"

"కట్టేసి ఉంది."

"ఎవరు కట్టారు?"

"మా బావగారు." ఆయనకి అర్థం కాలేదు. "మేస్త్రిగారండీ. మా అక్క భర్త. నన్ను పెంచినాయన."

అధికారి కలం ఆగింది. మేనేజరు కుర్చీలో కదిలాడు. ఇక రేడియోకి కరెంటు వచ్చేసింది. ఆ పిల్ల నమాజు చేసుకునే వచ్చిందనీ, తొందరపడలేదనీ, ఎవరి బిడ్డ వస్తువో పాడవుతుందని చెయ్యి పెట్టిందనీ చెప్పాను. ఆయన పట్టీ ఎందుకు కట్టారో కూడా చెప్పాను, ఏ గది నుంచి ఫోను వచ్చేదో, ఏమని బెదిరించేవారో. "అది నిన్నెవరూ అడగలేదు" అన్నాడు మేనేజరు. "అడగరని తెలిసే చెప్తున్నానండీ" అన్నాను. అధికారి వైపు తిరిగాను. "ఇప్పుడు కూడా కట్టే ఉంది సార్. నేనిక్కడ మాట్లాడుతుంటే కింద ఒకావిడ వేళ్ళు దాని ముందున్నాయి. మిగతాది తర్వాత రాసుకోండి, ముందు ఎవరినైనా కిందికి పంపండి."

అధికారి బంట్రోతుని కేకేశాడు. బంట్రోతు మెట్లు దిగే చప్పుడు విన్నాకే నేను బయటికి వచ్చాను.

నేను లేచిన చోట బావగారు కూర్చుని ఉన్నారు. తర్వాతి పిలుపు ఆయనదే. ఆదివారం చొక్కా వేసుకొచ్చారు, పైబొత్తాం దాకా పెట్టుకున్నారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తున్నారు. నేను నిలబడే ఉన్నాను, జరుగుతారేమోనని చూశాను.

"ఏం చెప్పావమ్మాయ్?"

"ఉన్నది."

"నా పేరు?"

"చెప్పాను బావగారూ. పైనుంచి ఫోన్లు వచ్చేవని కూడా చెప్పాను. మీరు కావాలని చెయ్యలేదని."

చేతులు తిప్పి అరచేతులు చూసుకున్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను, తిడతారేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఫోను సంగతి సరే" అన్నారు చివరికి, మెల్లగా, నాతో కాదన్నట్టు. "ముడి వేసింది ఫోను కాదు."

తలుపు తెరుచుకుంది, లోపలి నుంచి పిలిచారు. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు, ముసలివాళ్ళు లేచినట్టు లేచారు, ఇన్నేళ్ళలో ఆయన అలా లేవడం నేను చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే, "మీ అక్క దగ్గరికి నువ్వు ముందు వెళ్ళకు. నేను వస్తాను. నా నోటితోనే వినాలి అది" అన్నారు, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయన కూర్చున్న చోటే కూర్చున్నాను. బెంచీ ఇంకా వెచ్చగా ఉంది, కింద రోలర్ చప్పుడు మాత్రం ఆగింది. ఎవరు చూసినా చూడనీ అనుకుని అక్కడే ఏడ్చాను.